ఉప్పు దాటే గుమ్మం

ఫిబ్రవరి 6

అత్తకి,

కుశల ప్రశ్నలు చివర్లో వేస్తాను, ముందు వార్త విను. మా ప్రొఫెసర్ నాకు సొంత పని అప్పజెప్పాడు. రెండేళ్ళు ఆయన గాజు గొట్టాలు కడిగి కడిగి నా వేళ్ళు ముడతలు పడ్డాయి. ఇప్పుడు నాకంటూ ఒక బల్ల, ఒక మంట యంత్రం, అట్ట మీద నా పేరు రాసిన నోటుపుస్తకం. పని దేని మీదో తెలిస్తే నువ్వు కుర్చీలోంచి లేచి నిలబడతావు. రక్తపోటు, అత్తా. తాతల నుంచి మనుమల దాకా దిగే రక్తపోటు. అంటే మన ఇంటిదే.

నువ్వు ముప్పై ఏళ్ళుగా సిరంజిలోకి లాగుతున్న ఆ ఎర్ర కణాలున్నాయే, ప్రతిదాని చుట్టూ ఒక గోడ, గోడకి గుమ్మాలు ఉంటాయి. ఉప్పులో ఉండే సోడియం ఆ గుమ్మాల్లోంచే లోపలికీ బయటికీ తిరుగుతుంది. వాటిలో ఒక గుమ్మం దగ్గర మాత్రం ఇచ్చిపుచ్చుకోవడాలే: ఒకటి బయటికి పోతేనే ఇంకొకటి లోపలికి. తరతరాలుగా రక్తపోటు ఉన్న ఇళ్ళలో చాలామందికి ఈ గుమ్మం మిగతావాళ్ళకంటే రెట్టింపు జోరుగా తిరుగుతుందట. ఎందుకు తిరుగుతుందో ఎవరికీ తెలీదు, ఎంత తిరుగుతుందో కొలవడం మాత్రం వచ్చు. సోడియం ఒళ్ళంతా ఉంటుంది కనక దాన్ని వెంబడించలేం. అందుకని దాని చుట్టాన్ని ఒకణ్ణి పట్టుకుంటాం, లిథియం అని. వాడు ఒంట్లో మామూలుగా ఉండడు. గుమ్మం మాత్రం వాణ్ణి చూసి సోడియమే అనుకుని దారిస్తుంది. కణాల్లో లిథియం నింపి, గంటలో ఎంత బయటికి వచ్చిందో మంటలో కొలుస్తాం. సోడియం పడితే మంట పసుపు, లిథియం పడితే ఎరుపు. మొదటిసారి చూసినప్పుడు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను, పక్క బల్లవాళ్ళు నవ్వారు.

ఇక అసలు సంగతి. తాతయ్య నలభై ఏడుకి పోయాడు. పెద్దనాన్న నలభై తొమ్మిదికి. నాన్న నలభై ఎనిమిదికి. మన ఇంట్లో మగవాడు యాభై చూడలేదు. సీసా బాబాయికి ఏప్రిల్ 19కి యాభై వస్తాయి. నేను రోజులు లెక్కపెట్టడం లేదని అబద్ధం ఆడను.

నీ రక్తం, బాబాయిది, పోల్చి చూడ్డానికి మావయ్యది కావాలి. ఫ్లాస్కులో మంచు ముక్కలు వేసి, గొట్టాలకి గుడ్డ చుట్టి పెట్టు, మంచు నేరుగా తగిలితే కణాలు పగిలిపోతాయి. పొద్దున్న బస్సులో ఇస్తే ఆరు గంటల్లో నా చేతిలో ఉంటుంది. గడ్డకట్టకుండా మందు వేసిన గొట్టాల్లో రెండు రకాలుంటాయి, ఒకదాంట్లో సోడియం, ఒకదాంట్లో లిథియం. లిథియం గొట్టం వాడావో, నా పని బూడిదలో పోసిన పన్నీరే. ఈలోగా బాబాయి పోటు చూడు, ఉప్పు తగ్గించమను.

అందరూ బాగున్నారా? వేశానుగా ప్రశ్న.

నీ మేనకోడలు

*

ఫిబ్రవరి 13

పిల్లా,

నీ ఉత్తరం మా క్లినిక్కు రక్తం గదిలో, సూదులు ఉడుకుతుంటే చదివాను. సగం అర్థమైంది, మిగతా సగం అర్థమైనట్టు తల ఊపాను. సూదుల గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయి మాడు వాసన వచ్చాక గానీ తల ఎత్తలేదు.

ఫ్లాస్కు ఈ ఉత్తరంతోనే వస్తోంది. కండక్టరు అది కాఫీ అనుకుని మూత తీస్తాడేమోనని భయం. లోపలేముందో డ్రైవరు చేత ముందే చెప్పించాను, ఇక దాని జోలికి పోడు. మీ మావయ్యని "నువ్వు పోల్చి చూడ్డానికి, బయటివాడివి" అని కూర్చోబెట్టాను. "ముప్పై ఏళ్ళు మీ ఇంటి గొడవలు మోశాను, ఈ రోజు కాగితం మీద బయటివాణ్ణయ్యానా?" అన్నాడు. అంటూనే చెయ్యి చాపాడు, పాపం. సూదంటే కళ్ళు మూసుకుంటాడు, ఆ సంగతి నేను రాశానని చెప్పకు.

మీ బాబాయి సంగతి. రెండు పూటలా భోజనం నా దగ్గరే కదా, టైపు మిషన్ల కొట్టు మూసి వచ్చేటప్పటికి చంకలో నీళ్ళ సీసా ఉండాల్సిందే. ఒకటి ఖాళీ చేసి ఇంకోటి నింపుకుంటాడు. పక్క కొట్టువాళ్ళు అందులో నీళ్ళే ఉన్నాయా అని వాసన చూస్తారు. చెయ్యి కూడా కాస్త వణుకుతుంది, మణికట్టు బల్లకి ఆనించి స్క్రూ తిప్పుతాడు. ఎప్పట్నుంచో అంతే, పుట్టువణుకు అంటాడు. పట్టుకుని పోటు చూశాను. పైన నూట ఎనభై, కింద నూట పన్నెండు. మీ నాన్నకి చివరిసారి నేనే చూశాను, అప్పుడూ ఇంచుమించు ఇదే.

చొక్కా పట్టుకుని మా పెద్ద డాక్టరు గదిలోకి లాక్కెళ్ళాను. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాడాయన. "వీడా, జలుబుకి కూడా మాత్ర వేసుకోడండీ" అన్నాను నేను. మూత్రం ఎక్కువ పోయే మాత్ర ఇచ్చాడు, రోజుకొకటి. ఉప్పు బొత్తిగా తగ్గించమన్నాడు. తగ్గించడం నాకు చేతకాదు, నాకు వచ్చింది మానిపించడమే. ఉప్పు డబ్బా అటకెక్కింది. మీ మావయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నా వంక చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.

వాణ్ణి ఏప్రిల్ దాటించాలి. ముగ్గుర్ని పోగొట్టుకున్నాను, నాలుగోవాణ్ణి ఇవ్వను.

మీ అత్త

*

ఫిబ్రవరి 19

అత్తా,

కూర్చుని చదువు. మావయ్య గుమ్మం లెక్క 0.21. చాలామందికి ఉండేదే. నీది 0.48. రెండుసార్లు చేశాను, మూడోసారి ప్రొఫెసర్ని పక్కన నిలబెట్టి చేశాను, అదే. ఆయన ఎప్పుడూ "ఊఁ" తప్ప ఏమీ అనడు, ఈసారి "ఊఁ, ఊఁ" అన్నాడు. మా గదిలో అది ఊరేగింపు కింద లెక్క. నువ్వు అచ్చమైన మన ఇంటి రక్తానివి. ఎప్పుడో నీకు పోటు నూట యాభై వస్తే, మెట్లెక్కి వచ్చాను కనక అని కొట్టిపారేశావు చూడు, ఇక మెట్ల మీద నెట్టడానికి వీల్లేదు.

మధ్యాహ్నం భోజనం మానేసి పటం గీశాను. తాతయ్య, పెద్దనాన్న, నాన్న, ముగ్గురికీ నల్ల చుక్కలు. నీకు ఎర్ర చుక్క. గోడకి అంటించి దూరం నుంచి చూశాను, దగ్గర నుంచి చూశాను. మన ఇంట్లో మనుషులు ఎందుకు పోతారో పిల్లప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాను, ఎవరో ఒకరు "రాత" అని నోరు మూయించేవారు. మొదటిసారి జవాబు అంకెల్లో వచ్చింది.

బాబాయిది మాత్రం పాడైంది. ఇది ఎలా రాయాలో తెలీక చివర్లో పెట్టాను. నేను లిథియం వేయకముందే అతని కణాల్లో లిథియం ఉంది. ఎన్నిసార్లు కడిగినా ఎరుపు కొలిచే సూది కదులుతోంది. అంటే అతని రక్తం లిథియం గొట్టంలో పడిందన్నమాట. హడావిడిలో చెయ్యి పక్క డబ్బాలోకి పోయుంటుంది, ఎవరికైనా జరుగుతుంది, నువ్వేమీ అనుకోకు. ఇంకోసారి తీసి పంపు. ఈసారి కాస్త చూసి తియ్యి.

నీ మేనకోడలు

*

ఫిబ్రవరి 24, పొద్దున్న

మేధావి గారికి,

కాస్త చూసి తియ్యాలా. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లా ఈ చేతికి. పసిపిల్లల తల నరంలోంచి తీశాను, ముసలివాళ్ళ దారం లాంటి నరంలోంచి తీశాను. ఈ ఊళ్ళో సగంమంది మోచేతి మడత చూసి మనిషిని చెప్పగలను. నీకు లెక్క కుదరకపోతే తప్పు నా చేతిదా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

ముగ్గురి రక్తం ఒకే డబ్బాలోంచి తీసిన గొట్టాల్లో, ఒకే పూట, పది నిమిషాల్లో తీశాను. లిథియం గొట్టాలు మా క్లినిక్కుకి ఏడాదిగా రానేలేదు, స్టోరు పుస్తకం చూపిస్తాను రా. ఇవాళ మళ్ళీ తీశాను. ప్రతి గొట్టం మీదా నా సంతకం ఉంది, సాక్షి సంతకం కాంపౌండరుది. ఇంకా నమ్మకం కుదరకపోతే పోలీసుల్ని పంపు.

నా మీద కోపం పక్కన పెట్టి ఒక మంచి మాట రాస్తాను. మీ బాబాయి పోటు నూట ముప్పైకి దిగింది. పది రోజుల్లో. నేను గది చుట్టూ తిరిగి వచ్చాను సంతోషం పట్టలేక. కాకపోతే ఒంట్లో పేరుకున్న పాత ఉప్పంతా పోతోంది కాబోలు, మనిషి నలిగిపోయాడు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. వణుకు ఎక్కువై నిన్న స్క్రూ పట్టుకోలేక కొట్టు మధ్యాహ్నమే మూశాడు. మాట ముద్దగా వస్తోంది. నడిస్తే అటూ ఇటూ తూలుతున్నాడు, పక్క కొట్టువాళ్ళకి సీసా మీద అనుమానం రూఢి అయిపోయింది. నీళ్ళు కూడా తగ్గించమన్నాను, అంత తాగితే పోటు మళ్ళీ ఎక్కుతుందని. సీసా లాక్కుని నా బీరువాలో పెట్టాను. ఇంకో వారం ఓర్చుకోరా, ఏప్రిల్ దాటేస్తావు అని చెప్పాను.

ఈ ఫ్లాస్కులో నీకిచ్చే ఆఖరి రక్తం ఇదే.

అత్త, ఇంకా కోపంలోనే

*

ఫిబ్రవరి 24, సాయంత్రం

అత్తా,

నువ్వు ఫోను పెట్టేశావో, లైను తెగిందో తెలీదు. మళ్ళీ గంట నుంచి తిప్పుతున్నాను, మీ క్లినిక్కు నంబరు ఎంగేజ్ వస్తూనే ఉంది. మొదటి బస్సు రేపు పొద్దున్న. డ్రైవరుకి ఈ ఉత్తరం ఇచ్చి, నీ చేతిలోనే పెట్టమంటాను. నీకు కోపం వచ్చి పెట్టేసి ఉంటే, ఇది చదివే దాకా అయినా ఆ కోపం పక్కన పెట్టు.

ఏం జరిగిందంటే, మధ్యాహ్నం ఫ్లాస్కు వచ్చింది. రక్తం ఆగదు, ఉత్తరం ఆగుతుంది కదా అని ముందు రక్తం చేశాను. నీ సంతకాలు చూసి నవ్వుకున్నాను కూడా. మళ్ళీ లిథియం. పోయినసారికి రెండింతలకి పైగా. అప్పుడు తట్టింది, మొదటిసారే తట్టాల్సింది: గొట్టంలోని లిథియం కణాల చుట్టూ ఉంటుంది, కడిగితే చాలా వరకు పోతుంది. ఆరు గంటల్లో అంత లోపలికి చేరదు. కణాల కడుపులో ఉన్నదంటే, అది రోజుల తరబడి, మనిషి ఒంట్లోనే చేరిందన్నమాట. నీ చేతిలో తప్పు లేదు. నేను నిన్ను అనుమానించాను, నా బుద్ధిని అనుమానించలేదు.

లిథియం మందు, అత్తా. మనసు ఆకాశానికి ఎగిసి, పాతాళానికి పడిపోయే జబ్బుకి ఇస్తారు. ఏళ్ళ తరబడి వాడతారు. దప్పిక వేస్తుంది, చెయ్యి వణుకుతుంది. సీసా. మణికట్టు. అప్పుడు నీ ఉత్తరం విప్పాను. వాంతులు, తూలడం, ముద్ద మాట. అక్షరాలు కళ్ళ ముందు నిలబడలేదు, ఫోను దగ్గరికి పరిగెత్తాను.

ఫోనులో సరిగ్గా చెప్పానో లేదో, మళ్ళీ రాస్తున్నాను. మూత్రపిండం కూడా లిథియాన్ని చూసి సోడియమే అనుకుంటుంది. ఒంట్లో ఉప్పు చాలకపోతే ఉన్నదాన్ని పోనివ్వకుండా పట్టుకుంటుంది, దాంతో పాటు లిథియాన్నీ పట్టుకుంటుంది. మనం ఉప్పు మానిపించాం, నీళ్ళు తగ్గించాం, మూత్రం మాత్ర ఇచ్చాం. మూడూ కలిసి అతని మందునే అతనికి విషం చేశాయి. ఆ మాత్ర ఆపించు. వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి, లిథియం అనే మాట మొదట చెప్పు, మిగతావి తరవాత.

ఉప్పు తగ్గించమని రాసింది నేనే. బాగున్నాడని ఒక్క మాట రాయి. ఒక్క మాట చాలు.

నీ మేనకోడలు

*

మార్చి 2

పిల్లా,

బాగున్నాడు. నువ్వడిగిన ఒక్క మాట ఇదే, అందుకే ముందు రాశాను. ఇక ఊపిరి పీల్చుకుని మిగతాది చదువు.

ఫోను పెట్టేయలేదు. నువ్వు "దప్పిక, వణుకు" అన్నప్పుడే చేతిలోంచి వదిలేసి పరిగెత్తాను. మర్నాటి దాకా అది బల్ల పక్కన వేలాడుతూనే ఉందట, ఎంగేజ్ రాక ఏమొస్తుంది. అరవైకి దగ్గరపడిన దాన్ని, వీధిలో చెప్పు తెగితే రెండోదీ విసిరేసి పోయాను. మెట్ల మీద ఎక్కిన పోటు కాదన్నావుగా, ఆ రోజు చూసి ఉంటే నీ మంట యంత్రం పేలిపోయేది.

కొట్టు తలుపు దగ్గరికి వేసి ఉంది. మిషన్ల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. "అక్కా" అనబోయాడు, నాలుక తిరగలేదు. పక్క కొట్టువాళ్ళు నలుగురూ కలిసి మోసుకొచ్చి బండి ఎక్కించారు. ఆసుపత్రిలో నీ నోట విన్న లిథియం అనే మాటే మొదట చెప్పాను. చిన్న డాక్టరు నా వంక వింతగా చూసి, "ఎలా తెలుసమ్మా?" అన్నాడు. "మా మేనకోడలు ఆరు గంటల దూరంలో కూర్చుని చెప్పింది" అన్నాను. ఇంకో రోజు ఆలస్యమైతే చెయ్యడానికేమీ ఉండేది కాదన్నాడు.

వైద్యం ఏమిటో తెలుసా? ఉప్పునీళ్ళు. నేను అటకెక్కించిన ఉప్పునే వాడి నరంలోంచి సీసాలకి సీసాలు ఎక్కించారు. నరం నేనే దొరకబుచ్చుకున్నాను, అక్కడి నర్సుకి దొరక్క. గుచ్చే ముందు మీ మావయ్యలా కళ్ళు మూసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి.

మూడో రోజుకి మాట తిరిగింది. అప్పుడు చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా వేసుకుంటున్నాడట. నీకు అప్పటికి నాలుగేళ్ళు. వాడొక నెలంతా నిద్ర లేకుండా తిరిగి, ఊళ్ళో ఉన్న పాత టైపు మిషన్లన్నీ కొనుక్కొచ్చాడు. ఆ తరవాత నాలుగు నెలలు మంచం దిగలేదు. మేమంతా కుర్రతనం అన్నాం, బద్ధకం అన్నాం. మీ నాన్న ఒక్కడు ఏమీ అనకుండా పొరుగూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ప్రతి నెలా వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేవాడు, చేపలు పట్టడానికని మాకు చెప్పేవారు. ఒక్క చేప కూడా ఇంటికి రాలేదు, అయినా మాకు అనుమానం రాలేదు చూడు. మీ నాన్న పోయాక ఒంటరిగా వెళ్తున్నాడు. మాత్రలు రిబ్బను డబ్బాలో దాచేవాడు. పిచ్చి మాత్రలంటారని భయం.

"డాక్టరు అడిగినప్పుడు చెప్పొచ్చు కదరా" అని ఏడ్చాను. "నన్ను అడిగాడు అక్కా, నువ్వు చెప్పావు" అన్నాడు.

నేను ఎప్పుడూ అంతే కదా పిల్లా. అందరి తరఫునా నేనే జవాబు చెప్తాను. చిన్నప్పుడు బళ్ళో వాడి పేరు అడిగినా నేనే చెప్పేదాన్ని. ఆ ఒక్క జవాబు వాడి ప్రాణం తీసేది.

మీ అత్త

*

మార్చి 7

అత్తా,

నీ ఉత్తరంలో మొదటి మాట చదివి మెట్ల మీదే కూర్చుండిపోయాను. ప్రొఫెసర్ దాటుకుంటూ వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి "ఊఁ?" అన్నాడు. "బతికాడు సార్" అన్నాను.

నాన్న సంగతి చదివి చాలాసేపు ఏడ్చాను. ఆ చేపల గేలం మా ఇంట్లో ఇంకా ఉంది. కొక్కేనికి తుప్పయినా పట్టలేదు, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నువ్వు తప్పంతా నెత్తిన వేసుకోకు, నా వాటా నాకివ్వు. మంచి అనుకునే చేశాం ఇద్దరమూ, మందు ఎవరికి ఇస్తున్నామో చూడలేదంతే. ఆసుపత్రి డాక్టరుని ఒకటి అడుగు, లిథియంతో గొడవపడని పోటు మాత్రలున్నాయి. ఉప్పు తగ్గించాలన్నా పెంచాలన్నా ఆయన్ని అడిగే. రోజూ ఒకే రీతిలో ఉండాలి, నెలకోసారి రక్తంలో లిథియం ఎంతుందో చూడాలి. రక్తం తీసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే బాగుండు.

నా రక్తం కూడా చేశాను. పక్క బల్ల అమ్మాయి తీసింది, నీ అంత నెమ్మదిగా కాదు. 0.46. పటంలో నాకూ ఎర్ర చుక్క పెట్టుకున్నాను. నీకు చెప్పకుండా దాచాలనుకున్నాను, దాచడం మన ఇంట్లో ఇక చాలనిపించింది. భయం లేదు, ఆ అంకె ఒక కబురంతే, తీర్పు కాదు. ఇరవై ఆరుకే తెలిసింది, నాన్నకి నలభై ఎనిమిదికి కూడా తెలీలేదు. నెలకోసారి పోటు చూసుకుంటాను. నువ్వూ చూసుకో.

బాబాయిది మాత్రం కొలవలేను. మందు వాడేవాళ్ళ గుమ్మం లెక్క సరిగ్గా రాదు. నా నోటుపుస్తకంలో అతని పేరు పక్కన "లెక్కలోకి రాదు" అని రాయాల్సి వచ్చింది. ఇంత సంతోషంగా ఏ వరుసా కొట్టేయలేదు.

నీ మేనకోడలు

*

ఏప్రిల్ 19

పిల్లా,

పొద్దున్న ఆరింటికే వాడి గుమ్మంలో నిలబడ్డాను. తలుపు తీసి, "ఇంకా ఉన్నానే" అన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలీక రెండూ చేశాను.

పోటు నూట ముప్పై నాలుగు, కింద ఎనభై నాలుగు. నాది నూట నలభై రెండు, నాకూ మాత్ర రాశారు, వేసుకుంటున్నాను, నోరు మూసుకుని. ఉప్పు డబ్బా అటక దిగింది. చెంచా కొలతతో వండుతున్నాను, రోజూ ఒకటే చెంచా. మీ మావయ్య తనలాంటి బయటివాళ్ళకి ఇంకో అర చెంచా ఇవ్వాలని దరఖాస్తు టైపు చేయించాడు. సీసా తిరిగి ఇచ్చేశాను. పక్క కొట్టువాళ్ళకి వాడే అన్నీ చెప్పాడు, జబ్బు పేరుతో సహా. వాళ్ళలో ఒకాయన, మా బావమరిది కూడా ఇలాగే ఉంటాడు, ఆ డాక్టరు ఎక్కడుంటాడు అని అడిగాడట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వాణ్ణే చూస్తూ కూర్చున్నాను. మన ఇంట్లో యాభై ఏళ్ళ మగవాడు ఎలా ఉంటాడో ఇన్నేళ్ళూ నాకు తెలీదు పిల్లా. ఇవాళ చూశాను. చెవుల పైన తెల్ల వెంట్రుకలు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. తిన్నాక రెండు నిమిషాలు కునుకు తీసి, పడుకోలేదని వాదిస్తాడు. నాన్న ఉండుంటే ఇలాగే ఉండేవాడు. పెద్దన్నయ్య కూడా. మీ నాన్న కూడా.

కింద కొంత చోటు వదిలాను, వాడు టైపు చేస్తానన్నాడు.

మీ అత్త

అమ్మలూ,
నేను బల్ల మీద మణికట్టు ఆనించే కొడుతున్నాను, అక్షరాలు అటూ ఇటూ పడితే సర్దుకో. నిన్న కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఏ మందులు వాడుతున్నారు అని అడిగాడు. అక్క నోరు తెరిచింది. నా వంక చూసి మూసేసింది. రెండు పేర్లూ నేనే చెప్పాను.
బాబాయి